ఒక పన్ను తేడా

రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు.
ఆటోనగర్లో రోళ్ళు లేవు గనక
రేడియేటర్లు పగులుతాయి.

హైమవతి గారి ఎర్ర బండి
మళ్ళీ తాడు కట్టించుకుని వచ్చింది.
రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకి జానెడెత్తు.
బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర
ఆవిరి కక్కుకుని ఆగిపోయిందట.
"ఈసారి పెద్ద రేడియేటర్ వేసెయ్ బాజీ,
ఫ్యాన్లు రెండు పెట్టు, బెల్టులన్నీ మార్చెయ్.
అరండల్‌పేట నించి వారధి దాటేసరికి
దానికంటే ముందు నేను మరుగుతున్నాను."

ఆవిడ గుంటూరులో పళ్ళ డాక్టరు.
నా పై దవడ ఆవిడ చలవే.

ముందు నీళ్ళు దించాం.
నీళ్ళా అవి? చింతపండు పులుసు.
ఎవడో దారిలో బోరు నీళ్ళు పోశాడు,
పంపు రెక్కల్ని ఉప్పు కొరుక్కు తినేసింది.
ఆల్టర్నేటర్ బెల్టు మీద పగుళ్ళు
మా నాన్నమ్మ మడమలే.
ఏసీ బెల్టు కుయ్యోమనడం మానేసి చాన్నాళ్ళయింది,
ఏసీయే మానేసింది గనక.
ఆనందరావు మూడు వరసల అల్యూమినియం కోరు
తెల్లారగట్లే వెల్డింగు పెట్టి పంపాడు.
పెనం మీంచి దించిన అట్టులా ఇంకా వేడిగా ఉంటే
ఏసుపాదం గోనెసంచిలో పట్టుకొచ్చాడు.

అప్పుడు టైమింగ్ కవరు విప్పాను.
పది నంబరు బోల్టులు ఆరు.
ఆరోది ఎప్పుడూ మొండిదే.

లోపల తెల్ల పెయింటు చుక్కలు,
క్రాంకు మీద ఒకటి, క్యాము మీద ఒకటి.
ఆ చుక్కలు నావి.
పదకొండేళ్ళ కింద
సుభానీ ఉస్తాద్ నమాజుకెళ్ళిన గంటలో
"నే వచ్చేదాకా ఆగరా" అంటే
ఆగకుండా బిగించిన బెల్టు.

చుక్కకి చుక్క కలిసే ఉంది.
కంపెనీ వాడు కొట్టిన గాటు మాత్రం
చుక్కకి కాస్త పక్కన ఉంది.
క్రాంకు రెండు చుట్లు తిప్పాను.
కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తిప్పాను.
గోరంత దూరం.
ఒక పన్ను.
ఒక్కటంటే ఒక్క పన్ను వెనక్కి.

పుల్లింగ్ లేదంటే ఆవిడ కాలి మీద పెట్టాం.
వేడెక్కుతోందంటే బెజవాడ ఎండ మీద పెట్టాం.
పెట్రోలు మీద, బంకు వాడి మీద,
హెడ్ గాస్కెట్ మీద ఒకసారి,
థర్మోస్టాట్ మీద రెండుసార్లు.
బిల్లులన్నీ ఆవిడే కట్టింది.
ఉస్తాద్ పోయేముందు కూడా అన్నాడు,
"దాని తత్వమే అంతరా, పిత్త శరీరం."
అప్పటికే ఆయనకి చెవులు పడిపోయాయి,
లేకపోతే ఐడిలింగ్‌లోనే నన్ను పట్టేసేవాడు.

"కలవలేదేంటన్నా?" అన్నాడు ఏసుపాదం.

చెప్పకుండా బిగించెయ్యొచ్చు.
కవరు మూస్తే చీకటి.
చీకట్లో పళ్ళు లెక్కపెట్టేదెవరు?

థిన్నరు గుడ్డతో చుక్కలు తుడిచాను.
స్పానరు వాడి చేతికిచ్చి
కొత్త బెల్టు వాడిచేతే వేయించాను.
గాటు నించి గాటుకి
పళ్ళు పైకి లెక్కపెట్టమన్నాను.
పక్క షెడ్డు వాళ్ళు నవ్వారు.

తర్వాత ఫోను చేశాను.
"అమ్మా, ఒక పన్ను తేడా ఉందండీ.
పెట్టింది నేనే."
అవతల డ్రిల్లు ఆగింది.
"ఎన్నేళ్ళ నించి?"
"పదకొండు."
చాలాసేపు మాట లేదు.
ఎవరో నోరు పుక్కిలించి ఉమ్మారు.
"ఒక పన్ను పక్కకి పోతే
మనిషి రెండో వైపే నమలడం నేర్చుకుంటాడు బాజీ.
తన నోరింతే అనుకుంటాడు."
మళ్ళీ కాసేపాగి,
"రేడియేటరు డబ్బులు సగమే ఇస్తాను."

సాయంత్రం ట్రయలు.
బెంజి సర్కిల్లో తొంభై సెకన్ల ఎర్ర దీపం.
ఫ్యాన్లు రెండూ ఒకసారి గుర్రుమని
వాటంతటవే ఊరుకున్నాయి.
వారధి ఎక్కాక మూడో గేరులో తొక్కితే
సీటు నా వీపుని గుద్దింది.
ఇంత పరుగు
ఎక్కడ పెట్టుకుంది ఇన్నాళ్ళూ?

పెడలు మీద కాలు వణికింది నాకు.
ముల్లు మాత్రం సగం దగ్గర నించి కదల్లేదు.
పక్క సీట్లో ఏసుపాదం
ఇంకా ఏదో లెక్కపెడుతున్నాడు.